దుర్గాబాయి దేశ్‌ముఖ్: టికెట్టు లేనిదే నెహ్రూని లోపలికి పంపని అమ్మాయి



ప్రపంచ రాజకీయాల్లో మహిళలు అనగానే మనకు ఠక్కున గుర్తొచ్చే పేర్లు కొన్ని ఉన్నాయి. 1960లో ప్రపంచంలోనే మొట్టమొదటి మహిళా ప్రధాని అయిన శ్రీలంక సిరిమావో బండారనాయకే, మన ఇందిరాగాంధీ, ఇజ్రాయెల్‌కి చెందిన గోల్డా మెయిర్, బ్రిటన్‌ని ఏలిన మార్గరెట్ థాచర్... ఈ పేర్లన్నీ మస్కట్‌లోని ఇండియన్ స్కూళ్ళలో చదివే మన పిల్లలు క్విజ్ పోటీల్లో గడగడా చెప్పేస్తారు. మనం ఉంటున్న ఈ దేశం సంగతే చూడండి. గల్ఫ్ దేశాల్లో మహిళలకు ఓటు వేసే హక్కు, పోటీ చేసే హక్కు తొలుత ఇచ్చింది ఒమనే. 1994లో మజ్లిస్ అల్ షూరా ఎంపికలో మస్కట్ ప్రాంతపు మహిళలకు ఆ అవకాశం దక్కింది, ఇద్దరు మహిళలు సభలో అడుగుపెట్టారు. 2003 నాటికి 21 ఏళ్ళు నిండిన ప్రతి ఒమనీ పౌరుడికీ, పౌరురాలికీ ఓటు వచ్చింది.

మరి అదే పిల్లలను, మన రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్న తెలుగు ఆడపడుచు ఎవరని అడిగి చూడండి. పిల్లల సంగతి అలా ఉంచండి, పెద్దవాళ్ళం మనలో ఎంతమందిమి చెప్పగలం? హైదరాబాదు విద్యానగర్‌లోని దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆసుపత్రి పేరు చాలామందికి తెలుసు. ఆ బోర్డు మీది పేరు ఎవరిదో, ఆవిడ చేసిందేమిటో తెలిసినవాళ్ళు తక్కువ. ఈ నాలుగు మాటలూ అందుకే.

1909 జూలై 15న రాజమండ్రిలో రామారావు, కృష్ణవేణమ్మ దంపతులకు దుర్గాబాయి జన్మించారు. పెరిగింది ఎక్కువగా కాకినాడలో. తండ్రి సేవాభావం ఉన్న మనిషి. కలరా, ప్లేగు వంటి జబ్బులతో జనం పిట్టల్లా రాలిపోయే రోజుల్లో, అయినవాళ్ళే దగ్గరికి రాని రోగులకు ఆయన సాయం చేసేవారట. తల్లి కాంగ్రెస్ పనుల్లో తిరిగిన ఇల్లాలు. అలాంటి ఇంట్లో కూడా ఆనాటి ఆచారం తన పని తాను చేసుకుపోయింది. దుర్గాబాయికి 8 ఏళ్ళ వయసులో మేనరికపు సంబంధం చూసి పెళ్ళి చేసేశారు. వరుడు సుబ్బారావు గారు జమీందారీ కుటుంబంలోని కుర్రవాడు. పెళ్ళంటే ఏమిటో తెలియని వయసు!

ఊహ వచ్చాక ఆ అమ్మాయి చేసిన పని ఈ రోజుకీ ఆశ్చర్యం కలిగిస్తుంది. కాపురానికి పంపే వేళకు తన దారి వేరని, తన మనసంతా దేశం పనుల మీదే ఉందని, ఆ ఇంటి ఇల్లాలిగా తాను సుఖపడలేననీ సుఖపెట్టలేననీ ఆయనకే నేరుగా చెప్పేసింది. వేరే పెళ్ళి చేసుకోమంది. తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలబడ్డారు. 1920ల నాటి గోదావరి జిల్లాలో, 15 ఏళ్ళ ఆడపిల్ల! నలుగురూ ఎన్ని మాటలు అని ఉంటారో మనం ఊహించుకోవలసిందే. సుబ్బారావు గారు మరో పెళ్ళి చేసుకున్నారు. చాలా ఏళ్ళ తరువాత ఆయన కాలం చేసి, ఆ రెండవ భార్య దిక్కులేనిదైనప్పుడు ఆమెను చేరదీసి, ఆంధ్ర మహిళా సభలో ఉంచి, చేతిపని నేర్పించి నిలబెట్టింది దుర్గాబాయి గారే. ఈ ఒక్క సంగతి చాలు ఆవిడ ఎలాంటి మనిషో తెలియడానికి అని నాకనిపిస్తుంది.

మళ్ళీ కాస్త వెనక్కి వెళదాం. బడిలో ఇంగ్లీషు చదువును రుద్దడం నచ్చక ఆమె చిన్నతనంలోనే బడి మానేశారు. మానేసి ఊరుకోలేదు. హిందీ నేర్చుకుని, ఆడపిల్లల కోసం బాలికా హిందీ పాఠశాల పెట్టారు. పంతులమ్మ వయసు పట్టుమని పన్నెండూ పదమూడూ ఉండదు. ఆమె దగ్గర పాఠాలకు కూర్చున్నవాళ్ళలో తల్లి కృష్ణవేణమ్మ గారూ ఉన్నారు.

1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసింది. ఊరంతా హడావుడి. ఈ 12 ఏళ్ళ పిల్లకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. ఊళ్ళో దేవదాసీ కుటుంబాల స్త్రీలు ఉన్నారు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలు ఉన్నారు. బహిరంగ సభకు వాళ్ళు రాలేరు, వచ్చినా గౌరవంగా కూర్చోబెట్టేవాళ్ళు లేరు. గాంధీగారి మాట అందరికన్నా ముందు వినవలసింది వీళ్ళే కదా! నిర్వాహకుల దగ్గరికి వెళ్ళి అడిగింది. చిన్నపిల్ల మాటను తేలికగా తీసుకున్నారో, వదిలించుకోవడానికే అన్నారో గానీ, 5,000 రూపాయలు విరాళం తెస్తే గాంధీగారి సమయంలో కొన్ని నిమిషాలు ఇప్పిస్తామన్నారు. ఆ రోజుల్లో 5,000 అంటే మాటలా!

డబ్బు పోగైంది. పెద్ద ఇళ్ళ నుంచి కాదు, ఆ దేవదాసీ స్త్రీలే తమకున్నది తీసి ఇచ్చారు. దారిలోనే ఉన్న ఒక బడి ఆవరణలో ఏర్పాటు జరిగింది. వచ్చిన ఆడవాళ్ళను చూసి గాంధీగారు తనకిచ్చిన నిమిషాలు మరచిపోయి చాలాసేపు మాట్లాడారు. స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఆయన ముందు పెట్టారు. దుర్గాబాయి కూడా చేతి బంగారు గాజులు తీసి ఇచ్చేసింది. గాంధీగారి హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది కూడా ఈ పిల్లే. ఆ చెప్పిన తీరు నచ్చి, తరువాత జరిగిన పెద్ద సభలో అనువాదానికి సిద్ధంగా ఉన్న కొండా వెంకటప్పయ్య పంతులు గారిని పక్కన పెట్టి, ఆ అమ్మాయే చెప్పాలన్నారు గాంధీగారు. ఆ రోజు నుంచి ఆమె ఒంటి మీద ఖద్దరే.

ఇక మన శీర్షికలోని సంగతి. 1923 డిసెంబరులో కాకినాడలో అఖిల భారత కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. తెలుగునేల మీద అంత పెద్ద పండగ అంతకుముందు లేదు. మహాసభల పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. గేటు దగ్గర వలంటీరుగా 14 ఏళ్ళ దుర్గాబాయి నిలబడింది. ప్రవేశానికి టికెట్టు ఉండాలి, టికెట్టు లేకపోతే ఎవరినీ పంపకూడదు, ఇదీ ఆమెకిచ్చిన ఉత్తరువు. అంతలో జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. చేతిలో టికెట్టు లేదు. ఆమె ఆపేసింది! నిర్వాహకులు పరుగున వచ్చి ఎవరిని ఆపిందో తెలుసా అంటూ కోప్పడ్డారు. తెలిసే ఆపానని, చెప్పిన పని చేశానని ఆ పిల్ల నిబ్బరంగా జవాబిచ్చింది. చివరికి వాళ్ళు టికెట్టు కొని తెచ్చి నెహ్రూ చేతిలో పెట్టాకే లోపలికి వెళ్ళనిచ్చింది. నెహ్రూ ఏమాత్రం నొచ్చుకోకుండా ఆ పిల్ల ధైర్యాన్ని మెచ్చుకున్నారు. ఈ కథ మనలో కొందరు తెలుగు వాచకాల్లో చదివే ఉంటారు. కథ అక్కడితో ఆగిపోవడమే చిక్కు. అసలు జీవితం ఆ తరువాతే ఉంది.

1930లో ఉప్పు సత్యాగ్రహం మొదలైంది. మద్రాసులో ప్రకాశం పంతులు గారు నాయకత్వం వహించారు. ఆయన అరెస్టయ్యాక శిబిరం బాధ్యత మీద వేసుకుని ముందు నడిచినవారిలో 20 ఏళ్ళ దుర్గాబాయి ఒకరు. 1930 నుంచి 1933 లోపల మూడుసార్లు జైలుకు వెళ్ళారు. వేలూరు జైలులో ఉన్నప్పుడు తోటి ఖైదీలను చూశారు. వాళ్ళు సత్యాగ్రహులు కారు, మామూలు నేరాల మీద వచ్చిన పేద ఆడవాళ్ళు. తమ మీద మోపిన నేరం ఏమిటో, ఏ కాగితం మీద వేలిముద్ర వేశారో కూడా తెలియనివాళ్ళు వాళ్ళలో ఉన్నారు. చట్టం తెలియక, చెప్పేవాళ్ళు లేక శిక్షలు అనుభవిస్తున్నారు. బయటికి వెళ్ళాక లా చదవాలన్న పట్టుదల ఆమెకు అక్కడే కలిగింది.

మదురై జైలు కథ వేరు. అక్కడ ఆమెను ఏడాదిపాటు ఒంటరి కొట్లో పెట్టారు. పక్క గదుల్లో ఉరిశిక్ష పడ్డ ఖైదీలు. ఆ అరుపులు, ఆ రాత్రులు ఆమె నరాల మీద దెబ్బతీశాయి. విడుదలయ్యేనాటికి ఆరోగ్యం బాగా చెడింది. మనిషి నిలదొక్కుకోవడానికి చాలాకాలం పట్టింది. రాజకీయాలను పక్కన పెట్టి ఆమె చదువు వైపు తిరిగారు.

తమాషా చూడండి. ఇంగ్లీషు వద్దని బడి మానేసిన పిల్ల, ఇరవై దాటాక అదే ఇంగ్లీషును అక్షరాల దగ్గర నుంచి నేర్చుకోవలసి వచ్చింది! కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షకు ప్రైవేటుగా కూర్చుని ప్యాసయ్యారు. ఇంటర్మీడియట్ కూడా అక్కడిదే. బి.ఏ. ఆనర్స్‌లో రాజనీతిశాస్త్రం చదవాలని వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వెళ్ళారు. వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు సీటివ్వడానికి వెనకాడారు. ఆయనకు ఆడపిల్లల చదువు మీద వ్యతిరేకత లేదు. ఆడపిల్లలకు హాస్టలు లేదు, అదీ ఇబ్బంది. దుర్గాబాయి పత్రికలో ప్రకటన వేయించారు. వాల్తేరులో చదవాలనుకుంటూ వసతి లేక ఆగిపోయిన ఆడపిల్లలు ఉంటే రాయమని అందులో కోరారు. ఓ పదిమంది కలిశారు. అందరూ కలిసి ఇల్లు తీసుకుని హాస్టలు తామే నడుపుకున్నారు. ఇక రెడ్డిగారికి కాదనడానికి ఏముంటుంది! 1939లో ఆనర్స్ పూర్తయింది. ఆ తరువాత మద్రాసులో లా డిగ్రీ తీసుకుని అక్కడే ప్రాక్టీసు పెట్టారు.

అద్దె ఇల్లు దొరకలేదనో, స్కూల్లో సీటు రాలేదనో మస్కట్‌లో మొదటి ఏడాది మనం పడ్డ అగచాట్లు గుర్తుకొస్తే నాకు ఆ పత్రికా ప్రకటన గుర్తుకొస్తుంది. లేదన్నచోట తలుపు కొట్టి బతిమాలడం మనకు అలవాటు. లేనిదాన్ని నలుగురినీ కలిపి కట్టుకోవడం ఆవిడ పద్ధతి. ఆంధ్ర మహిళా సభ పుట్టింది కూడా అలాగే. తాను మెట్రిక్ పరీక్షకు పడ్డ తిప్పలు మిగతా ఆడవాళ్ళకు లేకుండా ఉండాలని, మద్రాసు మైలాపూరులో కొంతమంది అమ్మాయిలకు, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు తానే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. 1937లో అది ఆంధ్ర మహిళా సభగా రూపుదిద్దుకుంది. బాల్యవితంతువులు, భర్త వదిలేసినవాళ్ళు, ఇల్లు గడవనివాళ్ళు, ఎందరో అక్కడికి వచ్చారు. చదువు, కుట్టుపని, నర్సింగు, పంతులమ్మ శిక్షణ... సభ పెరిగి పెద్దదై ఆసుపత్రులుగా, కళాశాలలుగా మద్రాసు నుంచి హైదరాబాదు దాకా పాకింది. నడపడానికి డబ్బు కోసం ఆవిడ గడపగడపా ఎక్కారు. చందా అడగడంలో ఆవిడకు మొహమాటం ఉండేది కాదని అంటారు. కాకినాడలో 12 ఏళ్ళప్పుడే అలవాటైన విద్య కదా!

1946లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. అప్పటికి ఆమె వయసు 37. ఆ సభలో మొత్తం 15 మంది మహిళలు పనిచేశారు. విజయలక్ష్మీ పండిట్, రాజకుమారి అమృత కౌర్, హంసా మెహతా, సుచేతా కృపలానీ, దళిత వర్గం నుంచి వచ్చిన ఏకైక మహిళ దాక్షాయణి వేలాయుధన్ వంటి హేమాహేమీలు. తెలుగువారి కోడలు సరోజినీ నాయుడు గారు కూడా ఉన్నారు. తెలుగింట పుట్టిన మహిళ మాత్రం ఈమె ఒక్కరే. రికార్డుల్లో ఆమె పేరు జి. దుర్గాబాయి అని ఉంటుంది. సభా కార్యక్రమాలను నడిపించిన స్టీరింగ్ కమిటీలో ఆమె సభ్యురాలు. అధ్యక్షుడు లేనప్పుడు సభను నడిపే ఛైర్మన్ల ప్యానెల్‌లో ఉన్న ఏకైక మహిళ కూడా ఆమే.

అలంకారానికి కూర్చున్న సభ్యురాలు కాదు ఆవిడ. రాజ్యాంగం ముసాయిదాను లాయరు కన్నుతో చదివి, మాట మాట పట్టుకుని సవరణలు ఇచ్చారు. రెండు ఉదాహరణలు చెబుతాను. హిందూ దేవాలయాల వంటి సంస్థల ప్రవేశం గురించిన నిబంధనలో ముసాయిదా ప్రకారం, ఏదో ఒక వర్గానికి లేదా తెగకు తలుపులు తెరిచేలా ప్రభుత్వం చట్టం చేయవచ్చని ఉంది. ఆ మాటకు బదులు అన్ని వర్గాలకూ, అన్ని తెగలకూ అని ఉండాలని 1948 డిసెంబరులో ఆమె సవరణ ప్రతిపాదించారు. చూడటానికి చిన్న మార్పే. కానీ కోర్టు గది లోపల నిలబడ్డ వాళ్ళకు తెలుసు, ఒక వర్గానికి తలుపు తెరిచి ఇంకో వర్గాన్ని గడప బయటే ఉంచడానికి ఎంత సందు చాలునో! నేటి రాజ్యాంగం 25వ అధికరణంలో ఉన్నది ఆమె అడిగిన మాటే.

రెండవది రాజ్యసభ. ఎగువసభ సభ్యుడు కావాలంటే 35 ఏళ్ళు నిండాలని మొదట అనుకున్నారు. అనుభవం వయసుతోనే వస్తుందనే లెక్క అది. దుర్గాబాయి 30 చాలన్నారు. ఆమె సవరణ నెగ్గింది. ఈ రోజున 31 ఏళ్ళకో 32 ఏళ్ళకో రాజ్యసభలో అడుగుపెట్టిన ప్రతి యువనేతా ఆ ఐదేళ్ళకు ఆమెకు రుణపడి ఉన్నట్టే.

భాష గొడవ దగ్గర ఆమె మాటలు మరీ గట్టివి. 1949 సెప్టెంబరులో జాతీయభాష మీద సభ వేడెక్కిపోయింది. చిన్నప్పటి నుంచీ హిందీ బడులు పెట్టి, దక్షిణాదిలో హిందీకి ప్రచారం చేసిన మనిషి ఆవిడ. అలాంటి ఆవిడే లేచి, ఉత్తరాది హిందీవాదుల దూకుడు చూసి తనలాంటివాళ్ళు దిగ్భ్రాంతి చెందుతున్నారని, ఇష్టంగా నేర్చుకున్నవాళ్ళ మనసు కూడా విరిచేస్తున్నారని చెప్పారు. సంస్కృతం దట్టించిన హిందీ కంటే అందరికీ తెలిసే హిందుస్తానీ మేలన్నారు. మార్పుకు 15 ఏళ్ళ వ్యవధి ఉండాలన్నారు. హిందీవాళ్ళు కూడా ఒక దక్షిణాది భాష నేర్చుకోవాలని కోరారు. ఆ చివరి కోరిక మాత్రం ఇప్పటికీ కోరికగానే మిగిలింది లెండి.

ఢిల్లీలో ఉన్న ఆ రోజుల్లోనే ఆమె మరో పని చేశారు. మన బోటి ప్రవాసులకు ఇది ముఖ్యం. ఉద్యోగాల కోసం మద్రాసు నుంచి ఢిల్లీ చేరిన తెలుగు కుటుంబాల పిల్లలకు తెలుగు చదువు లేదు. 1948లో ఆమె ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించారు. ఒకవైపు రాజ్యాంగం పని, ఇంకోవైపు ఢిల్లీలో తెలుగు బడికి బల్లలు, పంతుళ్ళు వెతికే పని! ఆ సొసైటీ బడులు నేటికీ ఢిల్లీలో నడుస్తున్నాయి, ఒకదానికి ఆమె పేరే పెట్టారు. వారాంతంలో మన పిల్లలకు అఆలు దిద్దించడానికి ఎవరింటి హాలు దొరుకుతుందా అని చూసే మనకు ఆ తిప్పలేమిటో వేరే చెప్పనక్కరలేదు.

రాజ్యాంగం వచ్చింది. 1951-52లో తొలి సార్వత్రిక ఎన్నికలు. 17 కోట్లకు పైగా ఓటర్లు, ఆడా మగా తేడా లేదు. అయితే కాగితం మీది హక్కుకూ ఊళ్ళోని నిజానికీ మధ్య దూరం ఎంత ఉందో ఆ ఎన్నికలే చూపించాయి. తమ పేరు చెప్పడానికి ఇష్టపడక ఫలానావారి భార్యననో, ఫలానావారి తల్లిననో మాత్రమే రాయించుకున్న సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లను, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, జాబితాల నుంచి తీసేయవలసి వచ్చింది. ఆ ఎన్నికల్లో దుర్గాబాయి గారు కూడా పోటీ చేశారు. ఓడిపోయారు!

రాజ్యాంగం రాసిన మనిషిని అదే రాజ్యాంగం ఇచ్చిన ఓటుతో జనం ఓడించారు. ఆవిడ దీనిని అవమానంగా తీసుకున్న దాఖలా లేదు. నాకు మాత్రం ఆమె జీవితంలో అన్నిటికంటే ఫలవంతమైన కాలం ఆ ఓటమితోనే మొదలైందనిపిస్తుంది. నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. ఆనకట్టలు, ఉక్కు కర్మాగారాలు లెక్కలు వేసే ఆ బల్ల దగ్గర కూర్చుని ఆమె అనాథలు, వికలాంగులు, ఒంటరి స్త్రీల గురించి మాట్లాడారు. వీళ్ళ పని ప్రభుత్వ గుమాస్తాల వల్ల అయ్యేది కాదని, ఊరూరా ఉన్న స్వచ్ఛంద సంస్థలకు డబ్బిచ్చి చేయించాలని ఆమె వాదన. మొదటి పంచవర్ష ప్రణాళికలో అందుకోసం 4 కోట్ల రూపాయలు కేటాయించారు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. తొలి అధ్యక్షురాలు ఆమే.

అప్పటి ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు. ఇక్కడ ఒక చిన్న పిట్టకథ. మన రూపాయే అప్పట్లో మస్కట్ బజారులో కూడా చెల్లేది. 1959లో గల్ఫ్ రూపాయి వచ్చేదాకా మామూలు భారతీయ నోట్లే మత్రా సూక్‌లో చేతులు మారాయి. ఆయన 1943 నుంచి 1949 వరకు గవర్నరు కనుక, దేశ్‌ముఖ్ సంతకం ఉన్న నోటు ఈ ఊళ్ళో ఎందరి జేబుల్లో తిరిగిందో! ప్రణాళికా సంఘం పనుల్లోనే వాళ్ళిద్దరికీ పరిచయం. ఆయనకు మొదటి భార్య చనిపోయారు. 1953 జనవరి 22న వాళ్ళు చట్టప్రకారం వివాహం చేసుకున్నారు. ఆయనకు 57 ఏళ్ళు, ఆమెకు 43. మేళతాళాలు లేవు. రిజిస్టరులో సాక్షి సంతకం చేసింది ఎవరనుకున్నారు? 30 ఏళ్ళ క్రితం కాకినాడ గేటు దగ్గర టికెట్టు లేక ఆగిపోయిన జవహర్‌లాల్ నెహ్రూ.

సంక్షేమ బోర్డు చేసిన పనుల్లో నేను ఎక్కువగా తలచుకునేది 1958లో మొదలైన సంక్షిప్త విద్యా కోర్సులు. చిన్నప్పుడు బడి మానేసిన పెద్దవయసు ఆడవాళ్ళను తీసుకొచ్చి, ఏళ్ళ తరబడి సాగే చదువును రెండేళ్ళలోకి కుదించి చెప్పి, పరీక్ష రాయించడం. ప్యాసైతే గ్రామసేవికగానో, నర్సుగానో, టీచరుగానో బతుకు దొరుకుతుంది. మైలాపూరు ఇంట్లో చేసిన ప్రయోగాన్నే ఆమె దేశమంతటికీ పెట్టారు. కోనసీమ నుంచి, కడప నుంచి ఇళ్ళలో పనికి మస్కట్ వచ్చే మన ఆడవాళ్ళను ఎయిర్‌పోర్టులో చూస్తుంటాం. వీసా కాగితంలో ఏముందో చదివిపెట్టమని అడుగుతారు, ఇంటికి డబ్బు పంపే ఫారం నింపమంటారు. అయిదో ఆరో చదివి ఆగిపోయినవాళ్ళు. వేలూరు జైలులో ఆవిడ చూసిన ఆడవాళ్ళకూ వీళ్ళకూ మధ్య 90 ఏళ్ళు గడిచాయి. చేతిలోని కాగితం మాత్రం అలాగే ఉంది.

1958లో స్త్రీ విద్య మీద వేసిన జాతీయ కమిటీకి ఆమే అధ్యక్షురాలు, మరుసటి ఏడాదే నివేదిక ఇచ్చారు. ఆడపిల్లల చదువును ప్రత్యేక సమస్యగా తీసుకుని ప్రత్యేకంగా డబ్బు కేటాయించాలని ఆ కమిటీ చెప్పింది. ఆ తరువాత ఏర్పడిన జాతీయ స్త్రీ విద్యా మండలికి కూడా తొలి అధ్యక్షురాలు ఆమే. 1962లో సామాజికాభివృద్ధి మీద పరిశోధన కోసం ఢిల్లీలో ఒక సంస్థను స్థాపించారు. అంధుల కోసం బడి, హాస్టలు, వర్క్‌షాపు నడిపించారు. ఇవన్నీ రాసుకుంటూ పోతే పత్రిక చాలదు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. 1953లో ఆమె చైనా వెళ్ళినప్పుడు అక్కడ కుటుంబ తగాదాలకు వేరే కోర్టులు ఉండటం చూశారు. మనోవర్తి కోసం, పిల్లల కోసం ఆడవాళ్ళు మామూలు సివిలు కోర్టుల చుట్టూ ఏళ్ళకేళ్ళు తిరగడం మద్రాసులో లాయరుగా ఆమె కళ్ళారా చూసిందే. తిరిగి వచ్చాక నెహ్రూతో చర్చించారు, జస్టిస్ చాగ్లా, జస్టిస్ గజేంద్రగడ్కర్ వంటి న్యాయకోవిదులతో చర్చించారు. అది వెంటనే కాలేదు. మూడు దశాబ్దాలు పట్టింది. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె లేరు.

1975లో భార్యాభర్తలిద్దరికీ పద్మవిభూషణ్ వచ్చింది. చివరి రోజుల్లో మహిళా సభ కథను ఒక పుస్తకంగా, భర్తతో తన జీవితాన్ని మరో పుస్తకంగా ఇంగ్లీషులో రాశారు. చిన్నప్పుడు వద్దన్న భాషలోనే! 1981 మే 9న దుర్గాబాయి గారు కన్నుమూశారు. మరుసటి ఏడాది అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, హైదరాబాదులో దేశ్‌ముఖ్ గారూ వెళ్ళిపోయారు.

ఆమె కట్టినవన్నీ నిలిచాయని చెప్పలేం. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డును 2022లో ప్రభుత్వం మూసేసింది. దాదాపు 70 ఏళ్ళు నడిచిన సంస్థ. మన తెలుగు పత్రికల్లో ఆ వార్త ఏ మూలన వచ్చిందో కూడా చాలామంది చూసి ఉండరు. మహిళా సభ మాత్రం ఆసుపత్రులతో, కళాశాలలతో సాగుతోంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం దగ్గర 2018లో తెరిచిన మెట్రో స్టేషనుకు ఆమె పేరు పెట్టారు. సెలవులకు వెళ్ళేటప్పుడు ఢిల్లీ మీదుగా వెళ్ళేవాళ్ళు పింక్ లైన్ ఎక్కితే ఆ పేరు వినబడుతుంది. అక్కడ కూడా టికెట్టు లేనిదే గేటు తెరుచుకోదు.